సైలెన్సర్ ఉండాల్సిన చోట టర్బో: రియర్ మౌంట్ కిట్ల లెక్కలు, చిక్కులు

ఇంజిన్ బానెట్ కింద, టర్బో వెనక బంపర్ కింద. మధ్యలో నాలుగు మీటర్ల గొట్టం. ఈ అమరికను మొదటిసారి చూసినవాళ్లందరికీ వచ్చే అనుమానం ఒకటే: అంత దూరం వెళ్లేసరికి పొగ చల్లారిపోదా, ఇక టర్బో ఏం తిరుగుతుంది? కిట్లు అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: చల్లారిన పొగ చిక్కబడుతుంది, అది మంచిదే, పైగా గాలి గొట్టం పొడవుగా ఉంది కాబట్టి అదే ఇంటర్‌కూలర్‌గా, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే పరికరంగా, పనిచేస్తుంది. అనుమానంలో సగం నిజముంది, జవాబులోనూ సగమే. కాగితం మీద లెక్క వేస్తే ఇరుపక్షాలూ వాదించుకునే వేడి సంగతి చిన్నదిగా తేలుతుంది. ఈ కిట్లను నిజంగా దెబ్బతీసేది ఇంకోటుంది. టర్బోలోకి వెళ్లిన ఇంజిన్ ఆయిల్ తిరిగి రావాల్సిన దారి అది.

వెనక ఉన్న ప్రతి టర్బో రియర్ మౌంట్ కాదు

టర్బో అంటే ఒకే ఇరుసుకు రెండు చివర్ల బిగించిన రెండు చక్రాలు. పొగ తగిలి తిరిగేది టర్బైన్. దాంతోపాటు తిరుగుతూ బయటి గాలిని పీల్చి, నొక్కి ఇంజిన్‌కు పంపేది కంప్రెసర్. అలా నొక్కిన గాలికి వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ పీడనం ఉందో అది బూస్ట్. 0.5 బార్ బూస్ట్ అంటే ఇంజిన్‌కు మామూలుకంటే దాదాపు ఒకటిన్నర రెట్ల పీడనంతో గాలి అందుతోందని అర్థం.

1975లో వచ్చిన పోర్షా 911 టర్బోలోనూ టర్బో వెనకే ఉంటుంది. కానీ అక్కడ ఇంజినే వెనక ఉంది, టర్బో దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. మనం మాట్లాడుతున్నది అది కాదు. ఇంజిన్ ముందుండి, టర్బో మాత్రం సైలెన్సర్ తీసేసిన ఖాళీలో కూర్చునే అమరిక ఇది. 2000 తర్వాతి సంవత్సరాల్లో అమెరికాలో ఎస్‌టీఎస్ అనే సంస్థ కిట్లతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. షెవర్లే కమారో, కార్వెట్ లాంటి 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 అనే వీ8 ఇంజిన్ (రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్లది) ఉన్న కార్లు దీనికి అనువుగా దొరికాయి. కారణం సాదాసీదాది. ఆ కార్ల బానెట్ కింద వీ8 ఇంజిన్ పోగా చెయ్యి దూర్చేంత ఖాళీ కూడా ఉండదు. అక్కడ టర్బో పెట్టాలంటే సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డులు మార్చాలి, ఉన్న సామాన్లు పక్కకు జరపాలి, ఒక్కోసారి ఇంజిన్‌నే కిందికి దించాలి. వెనకవైపు మాత్రం పెద్ద సైలెన్సర్ విప్పేస్తే చోటు దానంతటదే వస్తుంది.

పొగ ప్రయాణం ఇలా ఉంటుంది: రెండు వరుసల సిలిండర్ల నుంచి వచ్చే రెండు గొట్టాలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లు దాటాక ‘వై’ ఆకారపు గొట్టంలో ఒకటై, వెనక్కి వెళ్లి టర్బైన్‌ను తిప్పి, అక్కడినుంచి అడుగు దూరంలోనే బయటపడతాయి. నొక్కిన గాలి అదే దారిలో ఇంకో గొట్టంలో వెనకనుంచి ముందుకొస్తుంది. వీటికి తోడు రెండు సన్నటి గొట్టాలు: ఒకటి టర్బోకు ఆయిల్ తీసుకెళ్లేది (ఫీడ్ లైను), ఇంకోటి తిరిగి తెచ్చేది (రిటర్న్ లైను).

టర్బోను తిప్పేది వేడా, ప్రవాహమా?

ఈ వాదనకు అంతు లేదు. "వేడే టర్బోకు ఇంధనం" అనేది ఒక పక్షం. "గాలిమరను తిప్పడానికి వేడిగాలి అక్కర్లేదు, ప్రవాహం చాలు" అనేది రెండోది. టర్బైన్ ఇచ్చే శక్తి మూడింటి మీద ఆధారపడుతుంది: సెకనుకు ఎన్ని కిలోల పొగ వస్తోంది, దాని ఉష్ణోగ్రత కెల్విన్లలో ఎంత, టర్బైన్‌కు ముందు పీడనం తర్వాతి పీడనానికి ఎన్ని రెట్లు ఉంది. వేడి తగ్గితే మొత్తం పోదు. ఆ లోటును పీడనంతో పూడ్చుకోవాలి, అంతే. ఎంత పీడనం అన్నదే అసలు ప్రశ్న.

ఒక లెక్క చూద్దాం. ఇంజిన్ సెకనుకు 0.4 కిలోల గాలి పీలుస్తోంది, బూస్ట్ 0.5 బార్, బయటి గాలి 30 డిగ్రీలు. కంప్రెసర్ సామర్థ్యం 72 శాతమైతే నొక్కేసరికి గాలి దాదాపు 52 డిగ్రీలు వేడెక్కి 82కు చేరుతుంది. ఆ పనికి కావాల్సిన శక్తి సుమారు 21 కిలోవాట్లు. ఇది టర్బైన్ నుంచే రావాలి.

పూర్తి లోడులో టర్బో మానిఫోల్డ్ పక్కనే ఉంటే పొగ 850 డిగ్రీల్లో, అంటే 1,123 కెల్విన్లలో అందుతుందనుకుందాం. వెనక అయితే 600 డిగ్రీలు, 873 కెల్విన్లు. టర్బైన్ సామర్థ్యం రెండు చోట్లా 68 శాతమే వేసుకుంటే, ఆ 21 కిలోవాట్లు రావడానికి ముందు చోట పీడన నిష్పత్తి 1.26 చాలు, వెనక 1.34 కావాలి. తేడా దాదాపు 0.09 బార్. 250 డిగ్రీలు పోయాయని గోల పెట్టే చోట ఇంజిన్ అదనంగా మోస్తున్న బరువు ఇంతే.

అందులోనూ కొంత వెనక్కి వస్తుంది. ముందు పెట్టిన టర్బో తర్వాత పొగ మొత్తం గొట్టాన్నీ, సైలెన్సర్‌నూ దాటాలి. ఆ అడ్డు టర్బైన్ వెనక ఎదురు పీడనంగా నిలుస్తుంది. రియర్ మౌంట్‌లో టర్బైన్ దాటగానే బయటి గాలే. సైలెన్సర్ వల్ల వచ్చే 0.1 బార్ అడ్డు తప్పిందంటే రెండూ సమానమైనట్టే. పై లెక్కలో పొగంతా టర్బైన్ గుండానే పోతుందనుకున్నాం. త్వరగా బూస్ట్ రావాలని చిన్న టర్బైన్ పెట్టి, మిగతా పొగను వేస్ట్‌గేట్‌తో పక్కదారి పట్టిస్తే అసలు పీడనాలు రెండు చోట్లా ఇంకా పైనే ఉంటాయి.

ముందు చోట పెట్టే టర్బైన్ హౌసింగ్‌నే తీసుకెళ్లి వెనక బిగించడం మాత్రం తప్పు. 1,123 నుంచి 873 కెల్విన్లకు దిగితే అదే బరువు పొగ 22 శాతం తక్కువ చోటు పడుతుంది. పొగ బద్ధకంగా కదులుతుంది, చక్రం ఆలస్యంగా ఊపందుకుంటుంది. అందుకే ఏ/ఆర్ ఒక మెట్టు తక్కువున్న హౌసింగ్ వాడతారు. పొగ లోపలికొచ్చే గొంతు వైశాల్యాన్ని, ఇరుసు నుంచి ఆ గొంతు మధ్యకున్న దూరంతో భాగిస్తే వచ్చేదే ఏ/ఆర్. ముందు 0.82 సరిపోయే చోట వెనక 0.63 అలాంటి మెట్టు. వెనక టర్బో పెట్టాక "కారు నిద్రపోతోంది" అని వినబడే ఫిర్యాదుల్లో చాలావాటికి దూరం కంటే ఈ హౌసింగ్ ఎంపికే కారణం.

పదకొండు లీటర్ల గొట్టం నిండడానికి ఎంతసేపు?

ల్యాగ్ అనే మాటను జనం రెండు వేర్వేరు విషయాలకు వాడేస్తారు. ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటితేనే పూర్తి బూస్ట్ వస్తుందో అది బూస్ట్ త్రెషోల్డ్. ఆ ఆర్‌పీఎం మీద ఉండగా యాక్సిలరేటర్ తొక్కాక బూస్ట్ రావడానికి పట్టే సమయం ల్యాగ్. గొట్టం పొడవు రెండోదాన్ని పెంచుతుందన్నది మామూలుగా వినబడే మాట.

బయటి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు ఉన్న గొట్టం 4 మీటర్ల పొడవుంటే లోపల 11.4 లీటర్లు పడుతుంది. దాన్ని 0.5 బార్‌కు నింపడానికి అదనంగా కావాల్సింది 5.7 లీటర్ల మామూలు గాలి. 5.7 లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకోసారి తన సామర్థ్యమంత గాలి మింగుతుంది, కాబట్టి 3,000 ఆర్‌పీఎంలో సెకనుకు దాదాపు 142 లీటర్లు. కంప్రెసర్ అంతకంటే 15 శాతం ఎక్కువ తోస్తోందనుకుంటే మిగులు సెకనుకు 21 లీటర్లు. గొట్టం నిండడానికి పావు సెకను చాలు. ముందు టర్బోకు కూడా ఇంటర్‌కూలర్, దాని గొట్టాలు నింపాల్సిన పని ఎలాగూ ఉంటుంది. కాబట్టి తేడా అంతకంటే తక్కువ.

త్రెషోల్డ్ సంగతి వేరు, ఇక్కడ విమర్శకుల మాటకే బలముంది. తక్కువ ఆర్‌పీఎంలో పొగ తక్కువ, అది వెళ్లే గొట్టం పొడవు. పొగలోని వేడిలో పెద్ద వాటా ఇనుమే తినేస్తుంది. 15 కిలోల ఉక్కు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కాలంటే 2,250 కిలోజౌళ్లు కావాలి. చల్లగా ఉన్న కారును బయటికి తీసిన మొదటి కొన్ని నిమిషాల్లో బూస్ట్ మందకొడిగా ఉండటానికి కారణం ఇదే. బాగా నడిచి గొట్టం కాలాక అదే కారు హుషారుగా ఉంటుంది. పూర్తి బూస్ట్ ముందు టర్బో కంటే కొన్ని వందల ఆర్‌పీఎం ఆలస్యంగా వస్తుందనుకోవడమే సరైన అంచనా. పెద్ద వీ8కు అది పెద్దగా తెలియదు. 2 లీటర్ల చిన్న ఇంజిన్‌కు తెలుస్తుంది, బాగా తెలుస్తుంది.

గొట్టానికి సిరామిక్ పూత వేయడం, వేడిపట్టీ చుట్టడం ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. పట్టీ తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మామూలు ఉక్కు గొట్టం లోలోపలే తుప్పు పట్టి, విప్పి చూసేసరికి పొరలుగా రాలుతుంది. పట్టీ చుట్టాలనుకుంటే స్టెయిన్‌లెస్ గొట్టం ఉండాలి.

గేర్ల దగ్గర ఇంకో తేడా. మాన్యువల్ గేరుబాక్స్‌లో గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే గొట్టంలోని గాలిని బ్లో ఆఫ్ వాల్వ్ బయటికి వదిలేస్తుంది, మళ్లీ తొక్కినప్పుడు ఆ పావు సెకను మళ్లీ కట్టాలి. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు, అంటే థ్రాటిల్, తెరిచే ఉంటుంది, గొట్టం నిండే ఉంటుంది. బ్లో ఆఫ్ వాల్వ్‌ను థ్రాటిల్ దగ్గర పెట్టాలి, టర్బో దగ్గర కాదు. పరుగెత్తుకొచ్చే గాలి మూసుకున్న తలుపుకు గుద్దుకునేది అక్కడే.

గొట్టమే ఇంటర్‌కూలరా?

ప్రచారంలో బాగా సాగదీసిన మాట ఇదే. ఆ నాలుగు మీటర్ల గొట్టం ఉపరితలం దాదాపు 0.8 చదరపు మీటర్లు. లోపలి గాలికీ బయటి గాలికీ తేడా 50 డిగ్రీలు. కారు వేగంగా పోతుంటే నున్నటి గొట్టం గోడ గుండా ఒకటిన్నర కిలోవాట్లు, మహా అయితే రెండు కిలోవాట్ల వేడి బయటికి పోతుంది. సెకనుకు 0.4 కిలోల గాలి పారుతున్నప్పుడు దానివల్ల తగ్గేది 3 నుంచి 5 డిగ్రీలు. 82 డిగ్రీల గాలి 78కి వస్తుంది. పొగ గొట్టం పక్కనే చేతి వెడల్పు దూరంలో ఈ గొట్టం నడిపితే ఆ తగ్గుదల కూడా పోయి, తిరిగి వేడెక్కొచ్చు.

మెల్లగా పోయేటప్పుడు గాలి తక్కువ పారుతుంది కాబట్టి గొట్టం బాగానే చల్లబరుస్తుంది. అప్పుడు తీసిన రీడింగులు చూపించి "చూశారా" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఇంజిన్ నాక్ అయ్యేది, అంటే వేడికి లోపలి పెట్రోలు దానంతటదే పేలేది, మెల్లగా పోయేటప్పుడు కాదు. 0.35 నుంచి 0.4 బార్ దాకా, మంచి పెట్రోలుతో ఇంటర్‌కూలర్ లేకుండా నెట్టుకొచ్చే కిట్లు ఉన్నాయి. అంతకు మించితే ముందు గ్రిల్ వెనక ఇంటర్‌కూలర్ గానీ, నీరు, మిథనాల్ కలిపి చల్లే ఏర్పాటు గానీ ఉండాలి. ఎల్‌ఎస్1 లాంటి ఇంజిన్ల కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి) 10:1 దాటి ఉంటుంది కాబట్టి ఈ విషయంలో ధైర్యం పనికిరాదు.

కిట్లు చచ్చేది ఇక్కడ: ఆయిల్ తిరుగుదారి

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. దాని బేరింగులకు ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో వస్తుంది. లోపల పని అయిపోయాక ఆ ఆయిల్ ప్రెషర్ పోగొట్టుకుని, గాలి కలిసి నురగలా కిందికి దిగుతుంది. మామూలు కార్లలో టర్బో, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కంటే ఎత్తులో ఉంటుంది. లావుపాటి గొట్టం ఒకటి దాదాపు నిటారుగా పెడితే ఆయిల్ దానంతటదే జారిపోతుంది. బంపర్ కింద ఉన్న టర్బో మాత్రం చాంబర్ మట్టానికో, ఇంకా కిందికో ఉంటుంది. పైగా నాలుగైదు మీటర్ల దూరం. జారే ప్రసక్తే లేదు, పంపుతో లాగాల్సిందే.

టర్బో ఇరుసుకు రెండు వైపులా ఉండే సీళ్లు రబ్బరువి కావు. పిస్టన్ రింగుల్లాంటి సన్నటి ఇనుప రింగులు. లోపల ఆయిల్ నిలవనంతసేపే అవి పనిచేస్తాయి. మధ్యభాగం నిండిందంటే ఆయిల్ ఒకవైపు టర్బైన్‌లోకి పోయి తెల్లటి, నీలపు పొగగా బయటికొస్తుంది. రెండోవైపు కంప్రెసర్ గుండా గాలి గొట్టంలోకి చేరి ఇంజిన్‌లో కాలుతుంది. అందుకే ఈ కార్లలో పొగ కనబడగానే "సీళ్లు పోయాయి" అని టర్బో మార్చేస్తే కొత్తది కూడా వారం తిరక్కుండా అదే పని చేస్తుంది. సీళ్లు బాగానే ఉంటాయి, పంపు లాగడం లేదు.

పంపు ఆగితే ఎంత సమయం ఉంటుంది? ఆయిల్ ప్రెషర్ 4 బార్, ఫీడ్ లైనులో 1 మిల్లీమీటరు రంధ్రమున్న రెస్ట్రిక్టర్ అనుకుంటే నిమిషానికి సుమారు ఒక లీటరు పారుతుంది. టర్బో మధ్యభాగం, కింద పెట్టిన చిన్న డబ్బా కలిపి 200 మిల్లీలీటర్లు పడితే అవి 12 సెకన్లలో నిండిపోతాయి. మూడు నిమిషాల్లో మూడు లీటర్లు రోడ్డు పాలు. ఆరు లీటర్లలోపు ఆయిల్ ఉండే ఇంజిన్‌కు అది ప్రాణం మీదికి వచ్చినట్టే. డ్రైవరు ముందుంటాడు, పొగ వెనక లేస్తుంది. అతనికి తెలిసేలోపు ఆయిల్ ప్రెషర్ లైటు వెలగొచ్చు.

పంపు ఆగడానికి కారణాలు చిన్నవే. ఫ్యూజు కొట్టేయడం, అడుగున తడిసిన కనెక్టర్, చల్లటి ఉదయం చిక్కబడ్డ ఆయిల్‌కు మోటారు మొరాయించడం, కొత్త గొట్టాల్లో మిగిలిన రాగి తునకో సీలెంట్ ముక్కో గేర్లలో ఇరుక్కోవడం. దీనికి విరుగుళ్లు కూడా తెలిసినవే. పంపుకు ముందు జల్లెడ. నురగను కూడా లాగగలిగేలా, ఫీడ్ కంటే కనీసం రెట్టింపు సామర్థ్యం. పంపు దాటిన చోట ఒక ప్రెషర్ స్విచ్, డ్యాష్‌బోర్డు మీద దానికో లైటూ బజరూ. ఈ చివరిది లేని కిట్‌ను అసంపూర్తి కిట్ అనాలి.

బండి ఆపాక వచ్చే పొగ వేరే జబ్బు. ఇంజిన్ పైభాగంలోని ఆయిల్ ఫీడ్ లైను గుండా మెల్లగా వెనక్కి జారి, ఆగిపోయిన టర్బోలో రాత్రంతా చేరుతుంది. తెల్లారి స్టార్టు చేయగానే ఒక మబ్బు వదిలి, రెండు నిమిషాల్లో మామూలైపోతుంది. లక్షణం అదైతే వెతకాల్సింది ఫీడ్ లైనులో ఆయిల్ ఆగాల్సినప్పుడు ఆపే చెక్ వాల్వ్. దాంతోపాటు ఇంజిన్ ఆపాక పంపు మరో అర నిమిషం తిరిగేలా టైమరు పెడితే లోపల మిగిలింది కూడా ఊడ్చుకుపోతుంది.

కొత్తగా బిగించాక మరో చిన్న సంగతి మరిచిపోతారు. 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న రిటర్న్ లైను 5 మీటర్లలో దాదాపు 390 మిల్లీలీటర్లు, సన్నటి ఫీడ్ లైను ఇంకో 120 మిల్లీలీటర్లు పట్టి ఉంచుతాయి. మొదటిసారి ఇంజిన్ నడిపాక డిప్‌స్టిక్ అర లీటరు తక్కువ చూపించడం అందుకే.

కొత్తగా ప్రెషర్ మోసే పాత ప్యాకింగులు

మామూలు కారులో పొగ గొట్టం అతుకుల దగ్గర చిన్న లీకు ఉంటే చప్పుడు వస్తుంది, అంతే. రియర్ మౌంట్‌లో ఇంజిన్ నుంచి టర్బో దాకా ఉన్న ప్రతి ఫ్లాంజి, ప్రతి ప్యాకింగు, ఆక్సిజన్ సెన్సర్ మర సహా, ప్రెషర్ కింద ఉంటాయి. కారే ప్రతి బుడగా టర్బైన్‌కు దక్కాల్సిందే. ఒక గొట్టంలో ఇంకోటి దూర్చి క్లాంపు వేసిన అతుకు మొదట్లో బాగానే ఉండి, నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక వదులవుతుంది. అతుకు చుట్టూ మసి గీతలు పడితే లీకు అక్కడే. వీ బ్యాండ్ క్లాంపులు లేదా వెల్డింగు మేలు.

క్యాటలిటిక్ కన్వర్టర్ టర్బోకు ముందే ఉండటం ఒక విధంగా లాభం. ఇంజిన్ దగ్గరే ఉంటుంది కాబట్టి త్వరగా వేడెక్కి పని మొదలుపెడుతుంది. అయితే పాతబడి లోపలి సిరామిక్ ఇటుక విరిగితే ఆ ముక్కలు తిన్నగా వెళ్లి తిరుగుతున్న టర్బైన్ రెక్కలకు తగులుతాయి. లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు కిట్ బిగించేముందు కన్వర్టర్‌ను తట్టి, లోపల గలగలలు ఉన్నాయేమో వినడం రెండు నిమిషాల పని.

నీళ్లు, దుమ్ము, ఇంధనం

ఫిల్టర్ వెనక చక్రం పక్కన ఉంటే ఆ చక్రం చిమ్మే ప్రతిదీ దాని మీదే. తడిసిన ఫిల్టర్ బూస్ట్‌ను తగ్గిస్తుంది. నీళ్లు లోపలికి పోతే కంప్రెసర్ రెక్కల అంచులు అరిగిపోతాయి. బానెట్ కింది వేడి గాలి కాకుండా బయటి చల్లగాలి దొరుకుతుందన్న మాట నిజమే, కాకపోతే ఫిల్టర్‌కు ఒక కవచం, నీటిని తోసే తొడుగు ఉండాలి. కాలుతున్న టర్బైన్ హౌసింగ్ మీద నీళ్లు పడితే పోత ఇనుము పగిలే అవకాశం ఉంది కాబట్టి దానికీ ఒక రేకు అడ్డం పెడతారు. ఆ రేకుకు ఇంకో పనీ ఉంది. ప్లాస్టిక్ బంపరూ, స్టెప్నీ గుంటా, కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకూ దానికి జానెడు దూరంలోనే ఉంటాయి.

ఇంధనం లెక్క ఏ టర్బోకైనా ఒకటే. 480 హార్స్‌పవర్ లక్ష్యమైతే, గంటకు హార్స్‌పవర్‌కు 272 గ్రాముల చొప్పున 130 కిలోల పెట్రోలు కావాలి. దాన్ని పెట్రోలు చిమ్మే ఎనిమిది ఇంజెక్టర్లకు పంచి, ఒక్కోదాన్ని 80 శాతానికి మించి తెరవకూడదనుకుంటే నిమిషానికి దాదాపు 460 సీసీ సామర్థ్యం ఉండాలి. మ్యాప్ సెన్సర్ ఇంజిన్‌లోకి పోయే గాలి పీడనాన్ని వాతావరణ పీడనంతో కలిపి కొలుస్తుంది, కాబట్టి ఒక బార్ దాకా మాత్రమే చదివే దానికి బూస్ట్ కనబడదు. రెండు బార్లది పెట్టాలి. రియర్ మౌంట్‌కే ప్రత్యేకమైన చిక్కు ఎయిర్ ఫ్లో సెన్సర్‌ది. దాన్ని టర్బో పక్కన వెనక పెడితే అది కొలిచిన గాలికీ ఇంజిన్‌కు అందే గాలికీ మధ్య 11 లీటర్ల గొట్టం ఉంటుంది. బ్లో ఆఫ్ వాల్వ్ వదిలేసిన గాలికి కూడా పెట్రోలు పడి నల్లటి పొగ వస్తుంది. సెన్సర్‌ను ముందు, థ్రాటిల్‌కు దగ్గరగా పెడితే ఈ బాధ ఉండదు.

ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు

మద్దతుదారులు చెప్పే లాభాల్లో నికరంగా నిలబడేవి ఇవి: బానెట్ కింద వేడి పెరగదు, ఇంజిన్ కదల్చకుండా బిగించొచ్చు, ముందు బరువున్న కారులో టర్బో బరువు వెనక ఇరుసు మీదికి చేరుతుంది, టర్బో తక్కువ వేడిలో బతుకుతుంది కాబట్టి లోపల ఆయిల్ మాడి బొగ్గు కట్టడం తక్కువ. వ్యతిరేకుల మాటల్లో నిలబడేవి: నేలకు దగ్గరగా నడిచే గొట్టాలు గతుకుల దగ్గర తగులుతాయి, ఆయిల్ పంపు అనే కొత్త బలహీనత వచ్చి చేరుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో పికప్ ఆలస్యమవుతుంది. 0.5 బార్ లోపు బూస్ట్‌తో, పెద్ద ఇంజిన్‌తో రోడ్డు మీద తిరిగే కారుకు మొదటి జాబితా బరువెక్కువ. ట్రాక్ మీద మూల మూలకూ యాక్సిలరేటర్ వదిలి తొక్కే కారుకు, ఒక బార్ పైన బూస్ట్ కోరుకునేవాళ్లకు రెండోది. బానెట్ కింద చోటుంటే టర్బోను ఇంజిన్ పక్కనే పెట్టడం మేలన్నదాంట్లో ఇరుపక్షాలకూ పెద్దగా తగువు లేదు.

విప్పేస్తే కారు మళ్లీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుందన్న మాట మాత్రం కొంచెం జాగ్రత్తగా వినాలి. గొట్టాలు గంటల్లో ఊడొస్తాయి, సైలెన్సర్ తిరిగి ఎక్కుతుంది. రిటర్న్ లైను ఆయిల్ పోసే మూతకు కలిపి ఉంటే మూత మారిస్తే సరి. చాంబర్‌కు రంధ్రం చేసి కలిపి ఉంటే ఆ రంధ్రానికి బిరడా బిగించడమో, చాంబర్ మార్చడమో తప్పదు. ఇంజెక్టర్లు, మ్యాప్ సెన్సర్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లోని ట్యూన్ కూడా వెనక్కి మార్చకుండా తాళం తిప్పితే పెద్ద ఇంజెక్టర్లు అవసరానికి మించి పెట్రోలు పోస్తాయి, స్పార్క్ ప్లగ్గులు తడిసి ఇంజిన్ స్టార్టే అవదు.